సరుకా, అనుమతా? అమీర్‌పేట, పంజాగుట్ట నేపథ్యంలో సాఫ్ట్‌వేర్, సంగీత కొనుగోలుదారుల హక్కుల చరిత్ర

వ్యాససంగ్రహం

డబ్బు చెల్లించి తెచ్చుకున్న సాఫ్ట్‌వేర్‌ను, పాటల రికార్డును కొన్నవారు ఎలా వాడుకోవచ్చు, ఎంతవరకు వాడుకోవచ్చు అన్న ప్రశ్నకు గత నాలుగు దశాబ్దాలలో భారతదేశంలో వచ్చిన సమాధానాల చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సాఫ్ట్‌వేర్ శిక్షణకు పేరుపడిన అమీర్‌పేటను, దానిని ఆనుకొని ఉన్న పంజాగుట్టను నేపథ్యంగా తీసుకొని, హైదరాబాదులో మొదలైన రెండు వ్యాజ్యాలను కేంద్రంగా చేసుకుంటుంది. ఒకటి 2004లో సుప్రీంకోర్టులో ముగిసిన టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ అమ్మకపు పన్ను వ్యాజ్యం. మరొకటి 2005లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పిన చేతిఫోన్ల వ్యాజ్యం. ఈ రెండింటిలోనూ కొనుగోలుదారు కక్షిదారు కాదు. అయినా అతని హక్కులకు పునాది కాగల సూత్రాలు అక్కడే రూపొందాయని, వాటిని వినియోగదారుల న్యాయంలోకి తీసుకొనిపోయే పని మాత్రం మిగిలిపోయిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అమీర్‌పేట, కాపీరైట్, కొనుగోలుదారు, లైసెన్సు, సరుకు, సాఫ్ట్‌వేర్, సంగీతం, వినియోగదారుల రక్షణ.

1. ఉపోద్ఘాతం

పుస్తకం కొన్నవారు దానిని చదువుకోవచ్చు, అంచుల్లో రాసుకోవచ్చు, స్నేహితునికి ఇవ్వవచ్చు, చదవడం అయ్యాక అమ్ముకోవచ్చు. ఆదివారం నాడు ఆబిడ్స్ కాలిబాటల మీద సాగే పాతపుస్తకాల వ్యాపారమంతా ఈ చివరి హక్కు మీదనే నిలిచి ఉంది. ఒకసారి అమ్ముడైన ప్రతి అప్పటికే చలామణిలోకి వచ్చినట్టేనని కాపీరైట్ చట్టం 14వ సెక్షన్‌కు చేర్చిన వివరణ కూడా చెబుతున్నది. రచనపై హక్కు రచయితది, ప్రతిపై హక్కు కొన్నవారిది. ఈ భేదం మన పాఠకలోకానికి కొత్తది కాదు.

ఇదే భేదం సాఫ్ట్‌వేర్ విషయంలోనూ, పాటల రికార్డు విషయంలోనూ నిలకడగా నిలవలేదు. డబ్బా మీద ధర ఉంటుంది, దుకాణంలో బిల్లు ఇస్తారు, పన్ను వసూలు చేస్తారు. డబ్బా తెరిచాక లోపలి కాగితం మాత్రం ఇది అమ్మకం కాదని, వాడుకోవడానికి ఇచ్చిన అనుమతి మాత్రమేనని అంటుంది. కొన్నవారు యజమానులా, అనుమతిదారులా? ఈ సందేహం కేవలం న్యాయశాస్త్ర సంబంధమైనది కాదు. ఆ సాఫ్ట్‌వేర్‌తోనే బతుకుతెరువు నేర్చుకొనేవారికి ఇది నిత్యజీవిత సమస్య.

ఈ విషయం మీద మన చర్చ సాధారణంగా పైరసీ అనే మాట చుట్టూనే తిరుగుతుంది. దొంగప్రతుల వలన నిర్మాతకు కలిగే నష్టం అందులో ప్రధానం. ఆ నష్టం వాస్తవమే. అయితే సక్రమంగా డబ్బు చెల్లించినవారికి ఏమి దక్కింది అన్న ప్రశ్న ఆ చర్చలో మరుగున పడింది. ఈ వ్యాసం ఆ ప్రశ్న వైపు నుంచి చరిత్రను చూసే ప్రయత్నం.

2. స్థల నేపథ్యం

అమీర్‌పేటకు సంగీతంతోనూ, సాఫ్ట్‌వేర్‌తోనూ సంబంధం ఉంది. హైదరాబాదులో సినిమా నిర్మాణానికి తొలి ఆధారాలలో ఒకటైన సారథి స్టూడియోస్ 1950ల నాటికే ఈ ప్రాంతంలో వెలిసింది. 1990ల మధ్యనుంచి మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ పరిసరాలు కంప్యూటర్ శిక్షణ సంస్థలకు కేంద్రమయ్యాయి. 2000 సంవత్సరపు తేదీ సమస్య కారణంగా కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ తెలిసినవారికి అమెరికాలో గిరాకీ పెరగడం, 1998 నవంబరు 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభం కావడం ఈ విస్తరణకు ఊపునిచ్చాయి. తరువాత ఒరాకిల్, జావా, డాట్‌నెట్, శాప్, టెస్టింగ్ టూల్స్ వరుసగా వచ్చాయి. ప్రపంచ సాఫ్ట్‌వేర్ శ్రమ విపణిని అధ్యయనం చేసిన మానవశాస్త్రవేత్త షియాంగ్ బియావ్ తన 2007 నాటి ‘గ్లోబల్ బాడీ షాపింగ్’ గ్రంథంలో హైదరాబాదులోని ఈ శిక్షణ వ్యవస్థను పరిశీలించాడు.

ఈ వ్యవస్థ ప్రత్యేకత దాని చౌకతనంలో ఉంది. ఉచిత డెమో తరగతి, చిన్న గదిలో వందమందికి పాఠం, రన్నింగ్ నోట్సు, జిరాక్స్ మెటీరియల్, గంటల లెక్కన ల్యాబ్ — ఇవన్నీ కలిస్తేనే జిల్లాలనుంచి వచ్చిన విద్యార్థికి అందుబాటు ధరలో కోర్సు దొరికేది. పెద్ద సంస్థల కోసం ధర కట్టిన సాఫ్ట్‌వేర్‌ను ఆ విద్యార్థి కొనడం ఊహకు అందని విషయం. కాబట్టి సీడీ మీద రాసిచ్చిన ప్రతి, దానితోపాటు ఒక కాగితం ముక్క మీద సంకేత సంఖ్య, విద్యార్థి సామగ్రిలో భాగమయ్యాయి. అదే కాలంలో పంజాగుట్ట కూడలి పరిసరాలలో పెద్ద అంగళ్ళు వచ్చాయి. సీలువేసిన డబ్బాలు, అసలు సీడీలు గాజు అరలలోకి చేరాయి. ఒకే దారిలో కొద్ది దూరంలోనే రెండు విపణులు ఏర్పడ్డాయి. ఒకదానిలో కొన్నవారికి చట్టరక్షణ లేదు. రెండవదానిలో కొన్నవారికి ఉన్న రక్షణ ఏమిటో వారికి ఎవరూ చెప్పలేదు.

3. సంగీతం కొన్నవారి స్థితి

1980లలో క్యాసెట్టు రాకతో పాట వినడమే కాక, దానిని మరో ప్రతిగా తీసుకోవడం కూడా ఇంటి పనిగా మారింది. పాటల జాబితా రాసిస్తే ఖాళీ క్యాసెట్టులోకి ఎక్కించి ఇచ్చే దుకాణాలు ఊరూరా వెలిశాయి. 1984లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ ప్రధానంగా ఈ పరిణామానికి జవాబు. రికార్డుల మీద నిర్మాత పేరు, చిరునామా, ప్రచురణ సంవత్సరం ఉండాలని 52ఏ సెక్షన్ విధించింది, శిక్షలు పెరిగాయి. రికార్డు మీద ఏమి ముద్రించాలో చెప్పిన ఈ చట్టం, దానిని కొన్నవారు ఏమి చేయవచ్చో చెప్పలేదు.

ఇక్కడ ఒక సూక్ష్మం గమనించదగినది. సొంత వాడకం కోసం, పరిశోధన కోసం న్యాయమైన మేరకు వాడుకోవచ్చునన్న 52(1)(ఏ) మినహాయింపు 2012 వరకు సాహిత్య, నాటక, సంగీత, కళాకృతులకే వర్తించేది. చట్టం దృష్టిలో సంగీతకృతి వేరు, దాని ధ్వనిముద్రణ వేరు. స్వరకర్త కూర్చిన బాణీ సంగీతకృతి. క్యాసెట్టులో వినిపించేది ధ్వనిముద్రణ. ధ్వనిముద్రణకు ఈ మినహాయింపు లేదు. అంటే డబ్బిచ్చి కొన్న క్యాసెట్టు అరిగిపోతుందేమోనని తన ఇంట్లోనే రెండో ప్రతి తీసుకున్న శ్రోతకు 2012 దాకా ఈ నిబంధన కింద స్పష్టమైన ఆశ్రయం లేదు.

తిరిగి అమ్ముకొనే హక్కు విషయంలో వ్యత్యాసం ఇంకా స్పష్టం. 1994 సవరణ 1995 మే 10న అమలులోకి వచ్చింది. ధ్వనిముద్రణ ప్రతిని అమ్మే, అద్దెకిచ్చే హక్కు, ఆ ప్రతి అంతకుముందు అమ్ముడైనా కాకపోయినా, హక్కుదారుదేనని అది చెప్పింది. ఆ మాటలను అక్షరాలా చదివితే, ఆబిడ్స్ కాలిబాట మీద పాతపుస్తకం అమ్మడం సక్రమం, దాని పక్కనే పాత క్యాసెట్టు అమ్మడం హక్కుదారు అనుమతి లేనిదే అక్రమం. ఈ మాటలు ధ్వనిముద్రణల విషయంలో 2012 సవరణతో గాని తొలగలేదు. పదిహేడేళ్ళు సాగిన ఈ నియమాన్ని పాత క్యాసెట్టు కొన్నవారిలో ఎందరు ఎరిగి ఉంటారో ఊహించవచ్చు.

అయితే చట్టం సామాజిక వాస్తవాన్ని పూర్తిగా విస్మరించిందని కూడా అనలేము. మతపరమైన వేడుకలలో పాట వినిపించడం ఉల్లంఘన కాదని, పెళ్ళి ఊరేగింపులు, పెళ్ళికి సంబంధించిన ఇతర వేడుకలు అందులోకే వస్తాయని 1994 సవరణే వివరించింది. నివాస సముదాయాలలోని ఉమ్మడి గదులకు, లాభాపేక్ష లేని సంఘాలకు కూడా మినహాయింపు ఉంది. హోటలుకు లేదు. బారాత్‌లో మోగిన పాటకు లభించిన రక్షణ ఇంట్లో తీసుకున్న రెండో ప్రతికి లభించలేదు. బహిరంగ వేడుకకు చట్టసభలో వినబడే గొంతు ఉంది. ఒంటరి శ్రోతకు అది లేదు.

4. సాఫ్ట్‌వేర్ చట్టం: 1984 నుంచి 2000 వరకు

కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్యకృతిగా చట్టం గుర్తించింది 1984లోనే. కాని కొన్నవారి హక్కులు 1994 సవరణలో తొలిసారి కనిపిస్తాయి. 52(1)(ఏఏ) నిబంధన ప్రకారం, చట్టబద్ధంగా ప్రతిని తన వద్ద ఉంచుకున్నవారు ఆ ప్రోగ్రాము ఏ పనికి ఇచ్చారో ఆ పనికి వాడుకోవడానికి ప్రతులు తీసుకోవచ్చు, మార్పులు చేసుకోవచ్చు; నష్టం, నాశనం కాకుండా రక్షణగా అదనపు ప్రతిని ఉంచుకోవచ్చు. ఇక్కడ చట్టం వాడిన మాట ‘యజమాని’ కాదు, ‘చట్టబద్ధంగా కలిగి ఉన్నవారు’. అమ్మకమా, అనుమతా అన్న వివాదంతో పని లేకుండానే ఈ హక్కు సంక్రమిస్తుంది.

అదే సవరణ రెండు ప్రతికూల అంశాలను కూడా తెచ్చింది. ప్రోగ్రాము ప్రతిని తిరిగి అమ్మే హక్కు, ధ్వనిముద్రణ విషయంలో వలెనే, హక్కుదారు చేతిలో ఉండిపోయింది. 63బి సెక్షన్ దొంగప్రతి అని తెలిసి కంప్యూటర్ మీద వాడినవారికి ఏడు రోజులకు తగ్గకుండా మూడేళ్ళ వరకు జైలు, యాభై వేలనుంచి రెండు లక్షల వరకు జరిమానా విధించింది. లాభం కోసం గాని, వ్యాపారంలో గాని వాడని పక్షంలో, తగిన కారణాలు నమోదు చేసి, న్యాయస్థానం జైలు లేకుండా యాభై వేల వరకు జరిమానాతో సరిపెట్టవచ్చు. దొంగ పుస్తకాన్ని చదివినవారు నేరస్థులు కారు. దొంగ ప్రోగ్రామును నడిపినవారు నేరస్థులు. అమీర్‌పేట ల్యాబులో కూర్చున్న విద్యార్థి ఈ నిబంధన పరిధిలోకి వస్తాడు.

1999 సవరణ 2000 జనవరి 15న అమలులోకి వచ్చింది. ప్రోగ్రాముల విషయంలో, అంతకుముందు అమ్ముడైనా కాకపోయినా అన్న మాటలను అది తొలగించింది. కొన్నవారికి మూడు కొత్త రక్షణలు చేర్చింది. వేరే ప్రోగ్రాముతో కలిసి పనిచేసేలా చేయడానికి కావలసిన సమాచారం రాబట్టడం, ప్రోగ్రాము వెనుక ఉన్న భావాలను, సూత్రాలను తెలుసుకోవడానికి దాని పనితీరును పరిశీలించి పరీక్షించడం, సొంతంగా చట్టబద్ధంగా పొందిన ప్రతినుంచి వ్యాపారేతర సొంత వాడకానికి ప్రతులు తీసుకోవడం, మార్చుకోవడం ఉల్లంఘన కావని చెప్పింది. నేర్చుకోవాలని వచ్చినవారికి రెండవ నిబంధన ఎంతో విలువైనది. విప్పి చూసి నేర్చుకోవడం నేరం కాదని అది చెబుతున్నది. కాని ఆ రక్షణకు తలుపు చట్టబద్ధమైన ప్రతి. ఆ తలుపు ధర విద్యార్థి చెల్లించగలిగినది కాదు.

5. అమ్మకపు పన్ను వ్యాజ్యం

టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ తన ఖాతాదారుల కోసం ప్రత్యేకంగా సాఫ్ట్‌వేర్ తయారు చేయడంతోపాటు, ఒరాకిల్, లోటస్, యూనిగ్రాఫిక్స్ వంటి సిద్ధంగా ఉన్న ప్యాకేజీలను కూడా అమ్మేది. ఈ ప్యాకేజీలు సరుకులేనని, 1957 నాటి ఆంధ్రప్రదేశ్ సాధారణ అమ్మకపు పన్ను చట్టం కింద పన్ను కట్టాలని హైదరాబాదులోని వాణిజ్య పన్నుల అధికారి నిర్ణయించాడు. కంపెనీ అప్పీళ్ళకు వెళ్ళింది. అమ్మకపు పన్ను అప్పిలేట్ ట్రిబ్యునల్ 1996 ఏప్రిల్ 1న, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అదే సంవత్సరం డిసెంబరు 12న వాటిని తోసిపుచ్చాయి. చివరకు సుప్రీంకోర్టులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2004 నవంబరు 5న తీర్పు చెప్పింది.

సాఫ్ట్‌వేర్ చేతికి చిక్కని మేధోసంపద అని, డిస్కు దానిని మోసే వాహకం మాత్రమేనని కంపెనీ వాదన. న్యాయస్థానం దీనిని అంగీకరించలేదు. చిత్రం, పుస్తకం, పాట, సినిమా కొన్నప్పుడు కొనుగోలుదారు కోరేది కాగితాన్నో, క్యాసెట్టునో కాదు, అందులోని కృతిని. అయినా అవి సరుకులే. సాఫ్ట్‌వేర్ అయినా అంతే. ఒక వస్తువును వేరుచేసి చూపగలిగితే, వాడుకోగలిగితే, నిల్వ చేసి, బదిలీ చేసి, స్వాధీనంలో ఉంచుకోగలిగితే అది సరుకు. సిద్ధంగా అమ్మే ప్యాకేజీకి ఈ లక్షణాలన్నీ ఉన్నాయని జస్టిస్ వరియావా రాసిన తీర్పు నిర్ధారించింది. ఖాతాదారు కోసం ప్రత్యేకంగా రాసిన సాఫ్ట్‌వేర్ గురించి తుది అభిప్రాయం చెప్పలేదు.

తీర్పును అందరూ పన్ను తీర్పుగానే చదివారు. కాని దాని తర్కాన్ని ఇంకొంత దూరం తీసుకొనిపోవచ్చు. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం సరుకు అన్న మాటకు 1930 నాటి సరుకుల విక్రయ చట్టపు నిర్వచనాన్నే తీసుకుంది. ఆ 1930 చట్టంలోని 14వ సెక్షన్ ప్రకారం, సరుకు కొన్నవారు దానిని నిరాటంకంగా అనుభవించగలరన్న హామీ అమ్మకంలోనే ఇమిడి ఉంటుంది. 16వ సెక్షన్ ప్రకారం, చెప్పిన పనికి అది పనికిరావాలన్న హామీ నిర్దిష్ట పరిస్థితులలో వర్తిస్తుంది. సాఫ్ట్‌వేర్ సరుకు అయినప్పుడు, పన్ను కట్టిన కొనుగోలుదారుకు ఈ హామీలు ఎందుకు వర్తించరాదు? అమ్మకం అని చెప్పి పన్ను తీసుకొన్న తరువాత, అమ్మకం కాదని చెప్పి హక్కులు తీసివేయడం ఒకే లావాదేవీకి రెండు పేర్లు పెట్టడమే అవుతుంది.

6. తాళం వేసిన చేతిఫోను

రెండవ వ్యాజ్యం 2003 నాటిది. రిలయన్స్ ఇన్ఫోకామ్ సంస్థ తక్కువ ప్రారంభ సొమ్ముకు మూడేళ్ళ సేవా ఒప్పందంతో చేతిఫోన్లు ఇచ్చింది. ఆ ఫోన్లు ఆ సంస్థ సేవకు మాత్రమే పనిచేసేలా ప్రోగ్రాముతో తాళం వేసి ఉండేవి. ఆ ఖాతాదారులను ఆకర్షించి, ఫోనులోని గుర్తింపు సంఖ్యను మార్చి తమ సేవకు మళ్ళించారని టాటా ఇండికామ్ ఉద్యోగుల మీద ఫిర్యాదు వచ్చింది. హైదరాబాదులో సీఐడీ పోలీసులు భారత శిక్షాస్మృతి, 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 65వ సెక్షన్, కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద కేసు నమోదు చేశారు. దానిని కొట్టివేయాలని ఉద్యోగులు హైకోర్టును ఆశ్రయించారు.

2005 తీర్పులో హైకోర్టు చేతిఫోను కూడా చట్టం దృష్టిలో కంప్యూటరేనని, అందులోని ప్రోగ్రాము కాపీరైట్ రక్షణకు అర్హమైనదని చెప్పింది. శిక్షాస్మృతి కింది ఆరోపణలను కొట్టివేసి, మిగిలిన రెండు చట్టాల కింద దర్యాప్తు సాగవచ్చునంది. నేరం జరిగిందా లేదా అన్నది విచారణలో తేలవలసిన విషయంగానే మిగిలింది.

ఈ వివాదం రెండు కంపెనీల మధ్యది. కాని మధ్యలో ఫోను పట్టుకొని నిలబడినవారు కొనుగోలుదారులు. కంపెనీ ఫోను ధరలో కొంత భరించి, మూడేళ్ళ చందా మీద దానిని రాబట్టుకోవాలనుకోవడం వ్యాపారరీత్యా అన్యాయం కాదు. ఖాతాదారు మధ్యలో వెళ్ళిపోతే బాకీ వసూలు చేసుకోవడానికి ఒప్పంద చట్టం ఉంది. ఆ బాకీకి బదులు ప్రోగ్రాము తాళం, దానికి కాపలాగా నేరచట్టం వచ్చినప్పుడు సమస్య స్వరూపం మారుతుంది. జేబులోని వస్తువు తనదే అయినా దాని లోపలి ప్రోగ్రాము మరొకరి మాట వింటుంది. సరుకు, ప్రోగ్రాము ఒకే వస్తువులో కలిసిపోయిన తరువాత యాజమాన్యం ఎంత బలహీనపడుతుందో మన ప్రాంతంలో తొలుత చూపిన వ్యాజ్యాలలో ఇది ఒకటి.

7. అభ్యాసకుడి పక్షం

బిజినెస్ సాఫ్ట్‌వేర్ అలయన్స్ లెక్క ప్రకారం 2011లో భారతదేశంలో పైరసీ శాతం 63. లైసెన్సు లేని ప్రతులను, వాటి వాణిజ్య విలువను పరిశ్రమే అంచనా వేసిన లెక్క ఇది. దొంగప్రతి దొరకకపోతే ప్రతివారూ పూర్తి ధరకు కొనేవారన్న భావనపై నష్టాన్ని లెక్కగట్టడాన్ని ఆర్థికవేత్తలు ఆక్షేపించారు. అమీర్‌పేట విద్యార్థి విషయంలో ఆ ఆక్షేపణ సమంజసం. అతడు పూర్తి ధరకు కొనేవాడు కాదు, ఆ విద్యకే దూరమయ్యేవాడు. మరోవైపు, అక్కడ ఆ సాఫ్ట్‌వేర్ నేర్చుకొని బయటికి వెళ్ళినవారే ఆయా ఉత్పత్తులకు ప్రపంచవ్యాప్తంగా నిపుణులయ్యారు. అంతమాత్రాన ఉల్లంఘన సక్రమం కాదు. నష్టంతోపాటు లాభాన్నీ లెక్కలో చేర్చాలన్నదే ఇక్కడి అభిప్రాయం.

కంపెనీలు సైతం క్రమంగా ఈ సంగతి గుర్తించాయి. జావా అభివృద్ధి సాధనాలు మొదటినుంచీ ఉచితంగా లభించేవి. 2006లో ఒరాకిల్ తన డేటాబేస్‌కు ఉచిత ఎక్స్‌ప్రెస్ రూపాన్ని విడుదల చేసింది. ఇంకో మార్గం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం చూపింది. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు నడపడం, చదివి మార్చడం, పంచడం, మార్చినది పంచడం అనే నాలుగు స్వేచ్ఛలను వాడుకదారు హక్కులుగా నిర్వచించింది. హైదరాబాదు కేంద్రంగా పనిచేస్తున్న ‘స్వేచ్ఛ’ సంస్థ ఈ భావాన్ని తెలుగులోకి, ఇంజనీరింగ్ కళాశాలల్లోకి తీసుకువచ్చింది. చట్టం మినహాయింపుగా ఇచ్చినదాన్ని ఈ ఉద్యమం లైసెన్సులోనే హక్కుగా రాసింది. లైసెన్సు అంటే తప్పనిసరిగా నిషేధపత్రం కానక్కరలేదని దీనితో రుజువైంది.

జిరాక్స్ మెటీరియల్ విషయంలో ఢిల్లీ హైకోర్టు 2016 తీర్పులు ప్రస్తావనార్హం. ఢిల్లీ విశ్వవిద్యాలయ ఫోటోకాపీ వ్యాజ్యంలో, బోధన క్రమంలో అధ్యాపకుడు గాని, విద్యార్థి గాని తీసుకొనే ప్రతులు ఉల్లంఘన కావన్న నిబంధనను విశాలంగా వ్యాఖ్యానించారు. ఆ వ్యాజ్యం విశ్వవిద్యాలయానికి సంబంధించినది. లాభం కోసం నడిచే శిక్షణ సంస్థలకు అది అలాగే వర్తిస్తుందని చెప్పడం తొందరపాటు. చదువు అవసరాన్ని కాపీరైట్‌కు వెలుపలి విషయంగా కాక, దాని లోపలి విషయంగానే చూసిన దృష్టి మాత్రం గ్రహించదగినది.

8. 2012 సవరణ, 2021 తీర్పు

2012 జూన్ 21న అమలులోకి వచ్చిన సవరణ సంగీతం కొన్నవారికి మేలు చేసింది. సొంత వాడకపు మినహాయింపు కంప్యూటర్ ప్రోగ్రాములు కాక మిగిలిన అన్ని కృతులకూ విస్తరించింది; ధ్వనిముద్రణ కూడా అందులోకి వచ్చింది. పాత సీడీని తిరిగి అమ్మడానికి అడ్డుగా ఉన్న మాటలు తొలగాయి. అదే సవరణ 65ఏ సెక్షన్ ద్వారా డిజిటల్ తాళాలను పగలగొట్టడాన్ని నేరం చేసింది. అయితే హక్కులను ఉల్లంఘించే ఉద్దేశం ఉంటేనే అది నేరమని, చట్టం నిషేధించని ప్రయోజనం కోసం చేసిన పనికి అది వర్తించదని చెప్పింది. కొన్న పాటను తన మరో పరికరంలో వినడానికి తాళం తీసిన శ్రోతకు ఇందులో చోటుంది.

2021 మార్చి 2న సుప్రీంకోర్టు ఇంజనీరింగ్ అనాలిసిస్ సెంటర్ వ్యాజ్యంలో ఇచ్చిన తీర్పు మళ్ళీ పన్నుకు సంబంధించినదే. విదేశీ సంస్థలనుంచి సాఫ్ట్‌వేర్ కొన్నప్పుడు చెల్లించే సొమ్ము రాయల్టీయా, సరుకు ధరా అన్నది వివాదం. లైసెన్సు ఒప్పందం అనే పేరు ఉన్నా, వాడుకదారుకు కాపీరైట్‌లో ఏ భాగమూ బదిలీ కాలేదని, అతడు కొన్నది కాపీరైట్ ఉన్న వస్తువునేనని జస్టిస్ నారిమన్ నాయకత్వంలోని ధర్మాసనం తేల్చింది. హైదరాబాదునుంచి వెళ్ళిన 2004 తీర్పును పరిశీలనలోకి తీసుకుంది.

రెండు తీర్పులను పక్కపక్కన ఉంచితే ఒక విశేషం కనిపిస్తుంది. 2004లో సాఫ్ట్‌వేర్ సరుకు కాదని వాదించింది కంపెనీ, సరుకేనన్నది ప్రభుత్వం. 2021లో సరుకేనని వాదించింది కంపెనీలు, అనుమతికి చెల్లించే రాయల్టీ అన్నది పన్నుల శాఖ. పన్ను ఎటు పడితే వాదం అటు మళ్ళింది. రెండుసార్లూ న్యాయస్థానం ఒకే మాట చెప్పింది. ఆ మాటవల్ల అందరికన్నా ఎక్కువ ప్రయోజనం పొందవలసిన కొనుగోలుదారు మాత్రం రెండుసార్లూ న్యాయస్థానంలో లేడు.

ఇతర దేశాలలోనూ ఈ ప్రశ్నకు ఏకాభిప్రాయం లేదు. 2010లో అమెరికా తొమ్మిదవ సర్క్యూట్ న్యాయస్థానం ఆటోడెస్క్ వ్యాజ్యంలో వాడుకదారు కేవలం అనుమతిదారు అన్నది. 2012లో ఐరోపా న్యాయస్థానం యూజ్డ్‌సాఫ్ట్ వ్యాజ్యంలో దించుకున్న సాఫ్ట్‌వేర్‌ను సైతం తిరిగి అమ్మవచ్చునన్నది. మన సుప్రీంకోర్టు తర్కం రెండవదానికి దగ్గర.

9. చందా కాలం

ఈ సూత్రం స్థిరపడే నాటికి వస్తువే మారిపోయింది. 2013లో అడోబీ తన ప్రధాన ఉత్పత్తులను చందా పద్ధతికి మార్చింది. 2019 ఫిబ్రవరిలో స్పాటిఫై భారతదేశానికి వచ్చింది. ఇప్పుడు డబ్బా లేదు, డిస్కు లేదు. తిరిగి అమ్మడానికి ప్రతీ లేదు. 2009లో అమెజాన్ తన కిండిల్ వాడుకదారులు కొన్న జార్జ్ ఆర్వెల్ పుస్తకాలను వారి పరికరాలనుంచే తొలగించి, విమర్శలు వచ్చాక క్షమాపణ చెప్పింది. ఆబిడ్స్‌లో పుస్తకం అమ్మినవాడు మన ఇంటికి వచ్చి, డబ్బు తిరిగి ఇచ్చి, అలమారలోంచి దానిని తీసుకొనిపోవడం ఊహించలేము. డిజిటల్ అమ్మకంలో అది సాధ్యమైంది.

2020 జూలై 20న అమలులోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఇక్కడ కొంత ఆశ కలిగిస్తుంది. ఎలక్ట్రానిక్ వాణిజ్యపు నిర్వచనంలో డిజిటల్ ఉత్పత్తులను పేర్కొన్నది. సహేతుక కారణం లేకుండా ఒక పక్షమే ఏకపక్షంగా రద్దు చేయగల ఒప్పందాన్ని అన్యాయ ఒప్పందంగా గుర్తించింది. కాని అన్యాయ ఒప్పందం మీద ఫిర్యాదు జిల్లా కమిషన్‌లో కాక రాష్ట్ర, జాతీయ కమిషన్లలోనే చేయాలి. నెలకు కొద్దిపాటి చందా కట్టే విద్యార్థి అంత దూరం వెళ్ళడం అరుదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో చేసిన చట్టం ప్రకారం, వెనక్కు తీసుకోగల అనుమతిని అమ్ముతూ ‘కొనండి’ అనే మాట వాడాలంటే ఆ సంగతి స్పష్టంగా తెలపాలి. చిన్న నియమమే అయినా, వ్యాపారి వాడే క్రియాపదానికి అర్థం ఉండాలన్న సూత్రం అందులో ఉంది.

10. ముగింపు

పై పరిశీలనవల్ల తేలిన అంశాలు ఇవి. మొదటిది, కొనుగోలుదారుల హక్కులు మన చట్టంలో లేకపోలేదు. 1994, 1999, 2012 సవరణలలో అవి విడివిడిగా చేరాయి. కాని హక్కులుగా కాక మినహాయింపులుగా చేరడం వలన, వాటిని ప్రచారం చేసే బాధ్యత ఎవరికీ లేకపోయింది. రెండవది, సాఫ్ట్‌వేర్ సరుకేనన్న నిర్ణయం హైదరాబాదులోని పన్ను వివాదంనుంచి పుట్టింది. 2021లో అది బలపడింది. దానిని వినియోగదారుల న్యాయానికి అన్వయించడం మిగిలి ఉంది. మూడవది, లైసెన్సు పత్రం చట్టమిచ్చిన మినహాయింపులను తీసివేయగలదా అన్న ప్రశ్నకు మన కాపీరైట్ చట్టంలో సూటి సమాధానం లేదు. తీసివేయజాలదన్న ఒక్క వాక్యం చట్టంలో చేరితే అనేక సందేహాలు తొలగుతాయి.

ఇప్పటికీ అమీర్‌పేటకు జిల్లాలనుంచి విద్యార్థులు వస్తూనే ఉన్నారు. వారికి అక్కడ ప్రోగ్రాము రాయడం నేర్పుతారు, పరీక్షించడం నేర్పుతారు. తాము కొన్న ప్రోగ్రాము మీద తమకున్న హక్కు ఏమిటో మాత్రం ఏ కోర్సులోనూ పాఠ్యాంశం కాదు. కళాశాల అధ్యాపకులుగా, పరిశోధకులుగా మనం చేయగలిగిన తొలి పని ఆ పాఠాన్ని తెలుగులో సిద్ధం చేయడమే.